బలం గిత్తలో ఉండదు

సంక్రాంతికో తిరునాళ్లకో ప్రకాశం జిల్లా ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే, మైకులో వినపడే మాటలు దాదాపు ప్రతిచోటా ఒకటే. "ఈ జతకు బలం గట్టిగా ఉంది." "ఆఖర్లో బలం చాలక ఆగిపోయింది." "ఎలపటి గిత్తకు దాపటిదాని కన్నా బలం ఎక్కువ." వినేవాళ్లెవరికీ ఇందులో తప్పు కనపడదు, నిజానికి తప్పు లేదు కూడా. తెలుగులో బలం అంటే ఒంట్లో ఉండేది. ఉలవలు పెడితే వస్తుంది, జ్వరం తగిలితే పోతుంది. బలానికి ఒక సెలైన్ పెట్టమని డాక్టరును అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పండగ సెలవులు అయిపోయి బడి తెరిచాక అదే పిల్లలు ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో మళ్లీ బలం అనే మాట చదువుతారు. మాట అదే, సరుకు వేరు. భౌతికశాస్త్రంలో బలం ఎవరి దగ్గరా నిలవ ఉండదు. ఒక వస్తువు ఇంకో వస్తువును నెడుతున్నప్పుడో లాగుతున్నప్పుడో ఆ నెట్టుడుకూ లాగుడుకూ పెట్టిన పేరు బలం. పోటీ మధ్యలో గొలుసు తెగిందనుకోండి. గిత్త అలాగే ఉంటుంది, దాని కండ అలాగే ఉంటుంది, బండ మీద గిత్తల బలం మాత్రం ఆ క్షణంలోనే సున్నా. ప్రతి బలానికీ రెండు కొసలుంటాయి: నెట్టేది ఒకటి, నెట్టించుకునేది ఇంకొకటి. "దేని మీద ఏది?" అని అడక్కుండా బలం గురించి మాట్లాడితే ఎక్కడో ఒకచోట దారి తప్పుతాం. మూడు గమన నియమాలూ పద్యాల్లా అప్పజెప్పే పిల్లలు లెక్క దగ్గరికి వచ్చేసరికి తడబడేది చాలావరకు ఇక్కడే.

అందుకని నియమాల కన్నా ముందు బండ దగ్గరికే వెళ్లడం మేలు.

పదిహేను క్వింటాళ్ల బండ ఒకటి నేల మీద ఉందనుకుందాం. అంటే 1500 కిలోలు. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. రెండు కోడిగుడ్లు అరచేతిలో పెట్టుకుంటే చేతికి తెలిసే బరువు కాస్త అటూఇటుగా ఒక న్యూటన్. ఆ లెక్కన భూమి ఈ బండను కిందికి లాగే బలం 1500 ఇంటూ 9.8, అంటే 14,700 న్యూటన్లు. నేల కూడా ఊరుకోదు, బండను అంతే బలంతో పైకి ఆపుతుంది. ఆపకపోతే బండ కిందికి దిగబడుతుంది. పైకీ కిందికీ ఉన్న లెక్క అక్కడితో సరిపోయింది. ఇక మిగిలింది అడ్డంగా లాగడం.

జత ముందుకు వంగుతుంది. గొలుసు బిగుస్తుంది. బండ కదలదు. ఈ కొన్ని క్షణాల్లో ఏం జరుగుతోందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, ఘర్షణ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే చోటు ఇంకోటి లేదు. గిత్తలు 3000 న్యూటన్లతో లాగితే నేల బండను 3000తో వెనక్కి పట్టుకుంటుంది. 5000తో లాగితే 5000తో పట్టుకుంటుంది. ఘర్షణ అంటే ఒకే అంకె అనుకోవడం పొరపాటు. లాగినంతా అదీ పెరుగుతుంది, ఒక హద్దు వచ్చేదాకా. నేలకూ రాతికీ మధ్య పట్టు బరువులో సగం అనుకుంటే ఆ హద్దు సుమారు 7,350 న్యూటన్లు. పుస్తకాల్లో దీన్నే సీమాంత ఘర్షణ అంటారు. గిత్తలు ఆ గీత దాటగానే బండ కదులుతుంది. కదిలాక ఘర్షణ కొంచెం తగ్గుతుంది కూడా. మొదటి అడుగే కష్టమని, ఒకసారి కదిలితే ఆగకుండా తోలాలని ఎడ్లు తోలేవాళ్లు చెప్పేది ఈ తగ్గుదల గురించే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బండ కదిలింది, ఒకే వేగంతో సాగుతోంది. గిత్తలు ఏడు వేల న్యూటన్లతో ముందుకు లాగుతున్నాయి, నేల ఏడు వేల న్యూటన్లతో వెనక్కి పడుతోంది. అంటే బండ మీద మొత్తం మీద మిగిలిన బలం ఎంత? సున్నా. నురగలు కక్కుతూ లాగుతున్న జత, చెవులు దిమ్మెక్కే ఈలలు, అయినా ఫలిత బలం సున్నా! ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది. చప్పున తలూపే పిల్లాడు బహుశా వినలేదు.

"బలం పెడితేనే కదులుతుంది, తీసేస్తే ఆగిపోతుంది" అన్నది పిల్లల మనసులో ఉన్న నియమం. దాదాపు 2,300 ఏళ్ల కిందట గ్రీసులో అరిస్టాటిల్ చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. దీన్ని తెలివితక్కువ ఆలోచనగా తీసిపారెయ్యడం అన్యాయం. బండి లాగేవాడికి, నాగలి దున్నేవాడికి, సైకిలు తొక్కేవాడికి లోకం నేర్పే పాఠం అదే. అయితే ఆ పాఠంలో ఘర్షణ అనే పాత్ర చాటున నిలబడి ఉంది, కనపడదు. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లకుండా స్ట్రైకర్ కొడితే నాలుగు బెత్తలు పోయి ఆగుతుంది. పౌడరు చల్లి అంతే కొట్టుడు కొడితే అటు గోడకు తగిలి ఇటు తిరిగొస్తుంది. కొట్టిన బలం పెరగలేదు, ఆపే బలం తగ్గింది. ఆపేది అసలే లేకపోతే? ఇటలీలో గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి, ఇదే ప్రశ్నను మనసులో చివరిదాకా లాక్కెళ్లాడు. ఆపేది లేకపోతే సాగేది సాగుతూనే ఉంటుందన్నాడు. 1687లో న్యూటన్ ఆ ఆలోచననే తన మొదటి నియమంగా రాశాడు: బయటి నుంచి ఫలిత బలం ఏదీ లేకపోతే, ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, సాగుతున్నది అదే వేగంతో తిన్నగా సాగుతూనే ఉంటుంది. ఈ మొండితనానికి పుస్తకాల్లో జడత్వం అని పేరు.

జడత్వం అనగానే బస్సులో డ్రైవరు బ్రేకు వేస్తే ముందుకు తూలడం, దుప్పటి దులిపితే దుమ్ము రాలడం చెబుతారు. అవీ నిజమే. కానీ ఈ జిల్లాలో దీనికి ప్రాణాల మీదికొచ్చే ఉదాహరణ ఒకటి రోజూ రోడ్డు మీద తిరుగుతుంది. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే లారీ. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్లాక్ గెలాక్సీ రాయి ఘన మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల ఎత్తు ఉన్న దిమ్మె అంటే సుమారు 20 టన్నులు.

లారీ గంటకు 54 కిలోమీటర్లతో పోతోంది. అంటే సెకనుకు 15 మీటర్లు. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది, డ్రైవరు 3 సెకన్లలో బండి ఆపేశాడు. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిందన్నమాట. లారీని ఆపింది టైర్ల కింద రోడ్డు. మరి రాయిని ఆపింది ఏది? రాయికి బ్రేకు లేదు. దాన్ని ఆపాల్సింది దాని కింద ఉన్న ఇనప పలక, దానితో ఘర్షణ. 20,000 కిలోల రాయి వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గాలంటే కావలసిన బలం 20,000 ఇంటూ 5, లక్ష న్యూటన్లు. ఇనుముకూ రాతికీ మధ్య పట్టు బరువులో పదింట నాలుగు వంతులు అనుకుంటే ఘర్షణ ఇవ్వగలిగింది 78,400 న్యూటన్లే. ఇంకో ఇరవై వేల పైచిలుకు తక్కువ పడింది. ఆ తక్కువను గొలుసులు, అడ్డు దుంగలు భరించాలి. అవి సరిగా లేకపోతే క్యాబిన్ వెనక గోడ భరించాలి. గోడ భరించలేకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ప్రమాదం జరిగితే "రాయి ముందుకు దూకింది" అంటారు. రాయి ఎక్కడికీ దూకలేదు. తన వేగంతో తాను పోతూ ఉంది, దాని కింద నుంచి లారీ ఆగిపోయింది. ఇంకో అపోహ దీనికన్నా ప్రమాదకరం: "ఇరవై టన్నుల రాయి, అదెక్కడ కదులుతుందిలే" అన్న ధీమా. లెక్క చూడండి. రాయి బరువు రెట్టింపైతే ఘర్షణ రెట్టింపవుతుంది, దాన్ని ఆపడానికి కావలసిన బలం కూడా రెట్టింపవుతుంది. రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి బరువు ఎంతన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఇలాంటి పలక మీద సెకనుకు సుమారు 4 మీటర్లకు మించి వేగం తగ్గిస్తే రెండు టన్నుల రాయైనా జారుతుంది, ఇరవై టన్నులదైనా జారుతుంది. అదే 15 మీటర్ల వేగాన్ని 10 సెకన్ల పాటు నిదానంగా తగ్గిస్తే? 20,000 ఇంటూ 1.5, ముప్పై వేల న్యూటన్లు చాలు. ఘర్షణే ఆ పని చేసేస్తుంది, గొలుసు మీద భారమే పడదు. ముందున్న బండికి దూరం పాటించే డ్రైవరు ఈ లెక్క కాగితం మీద వేసి ఉండడు, కాలికి తెలుసు.

చెప్పకుండానే ఇక్కడ రెండో నియమం వాడేశాం. ఫలిత బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం. ద్రవ్యరాశి అంటే వస్తువులో ఎంత సరుకు ఉందన్నది, కిలోల్లో కొలిచేది. త్వరణం అంటే వేగం ఎంత తొందరగా మారుతోందన్నది. తగ్గినా త్వరణమే, దిక్కు మారినా త్వరణమే. ఈ రెండో మాట పిల్లలకు వింతగా ఉంటుంది. తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పితే వేగం మారకపోయినా దిక్కు ప్రతి క్షణం మారుతూ ఉంటుంది, అందుకే తాడు చేతిని లాగుతూ ఉంటుంది. చెయ్యి వదిలితే రాయి తిన్నగా పోతుంది, గుండ్రంగా తిరగదు.

రెండో నియమాన్ని కళ్లంలో చూపించే అవకాశం ఇప్పుడు తగ్గిపోయింది. నెల్లూరు వరిచేలలో కోత మిషన్లు వచ్చాక తూర్పారబట్టడం చూడని పిల్లలే ఎక్కువ. ఇంట్లో చేట ఉంటే ఇప్పటికైనా చూపించొచ్చు. గాలి వాటున ధాన్యం పైనుంచి జారవిడిస్తే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు గింజ దూరంగా ఎగిరిపోతుంది. రెండూ చూడ్డానికి ఒకే సైజు, కాబట్టి గాలి రెండింటినీ ఇంచుమించు ఒకే బలంతో నెడుతుంది. తాలుకు లోపల బియ్యం లేదు, ద్రవ్యరాశి తక్కువ. అదే బలానికి తక్కువ ద్రవ్యరాశి ఎక్కువ త్వరణం తెచ్చుకుంటుంది. ఒక సమీకరణం మొత్తం చేటెడు వడ్లలో కనపడుతుంది.

మరి బరువైనవి తొందరగా కింద పడతాయి కదా అనే పిల్లలు ఉంటారు. గాలి అడ్డు లేకపోతే పడవు. బరువైన దాన్ని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది నిజమే, కానీ దాన్ని కదిలించడానికి కావలసింది కూడా ఎక్కువే. లారీ మీది రాయి లెక్కే ఇది కూడా. 1971లో అపోలో 15లో వెళ్లిన అమెరికా వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చందమామ మీద ఒక చేత్తో సుత్తిని, ఇంకో చేత్తో ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి.

ఇక రాకెట్. శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. జిల్లా మారినా ప్రయోగం ఉన్న రోజు నెల్లూరులో మేడ మీదికి ఎక్కి దక్షిణం వైపు చూసే అలవాటు పోలేదు. 2023 జూలై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3ని మోసుకుని లేచిన ఎల్‌వీఎం-3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు, బరువు దాదాపు 640 టన్నులు. భూమి దాన్ని కిందికి లాగే బలం సుమారు 63 లక్షల న్యూటన్లు. మొదట వెలిగేవి పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు. ఒక్కొక్కటి గరిష్ఠంగా 51 లక్షల న్యూటన్లకు పైగా ఇస్తుంది. రెండూ కలిపి కోటి దాటుతుంది. కోటీ మూడు లక్షల్లోంచి 63 లక్షలు తీసేస్తే మిగిలేది 40 లక్షలు. రాకెట్‌ను పైకి తీసుకెళ్లేది ఈ మిగులే. 6,40,000 కిలోలతో భాగిస్తే త్వరణం వస్తుంది: ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 6 మీటర్ల చిల్లర పెరుగుతుంది. అంటే ఒక సెకను గడిచేసరికి ఇంత ఆర్భాటం చేసిన రాకెట్ వేగం గంటకు 22 కిలోమీటర్లు, సైకిలును గట్టిగా తొక్కినంత! తన ఎత్తు తాను దాటడానికి నాలుగు సెకన్లు పడుతుంది. టీవీలో చూసినప్పుడు కదల్లేక కదులుతున్నట్టు ఉండేది అందుకే. ఆ తర్వాత రెండు నిమిషాల్లో బూస్టర్లలోని 400 టన్నులకు పైగా ఇంధనం కాలిపోతుంది. బరువు తగ్గిపోతూ ఉంటే అదే బలానికి త్వరణం పెరుగుతూ పోతుంది.

రాకెట్‌ను పైకి నెట్టేది ఏది అని అడిగితే "మంట నేలను నెడుతుంది, గాలిని నెడుతుంది" అనే జవాబు ఇప్పటికీ పెద్దవాళ్ల నుంచి కూడా వస్తుంది. వాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇదే పొరపాటుతో, శూన్యంలో రాకెట్ పనిచేస్తుందన్న అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డ్‌కు బడిపిల్లలకు తెలిసినంత కూడా తెలియదని సంపాదకీయంలో వెక్కిరించింది. తప్పు ఒప్పుకుంటూ సవరణ వేసింది 1969 జూలై 17న, అపోలో 11 చందమామ వైపు బయల్దేరిన మర్నాడు. అప్పటికి గొడ్డార్డ్ చనిపోయి ఇరవై నాలుగేళ్లు. రాకెట్ నెట్టేది తన కడుపులోంచి బయటికి తోసే వాయువును. వాయువు రాకెట్‌ను అంతే బలంతో ఎదురు నెడుతుంది. మూడో నియమం అంతే. కింద నేల, చుట్టూ గాలి ఉన్నా లేకపోయినా ఈ ఇద్దరి మధ్య లావాదేవీ మారదు.

రాకెట్ దాకా పోలేనివాళ్లు నెల్లూరు సముద్రతీరం వెంబడి ఏ రొయ్యల చెరువు గట్టు మీదైనా నిలబడితే చాలు. చెరువులో నీళ్లకు ఆక్సిజన్ అందించే ఏరేటర్ తిరుగుతూ ఉంటుంది, దాని రెక్కలు నీళ్లను ఒక వైపు విసురుతూ ఉంటాయి. నీళ్ల మీద తేలే ఆ మిషన్‌ను తాళ్లతో గుంజలకు ఎందుకు కడతారు? రెక్కలు నీళ్లను అటు నెడితే నీళ్లు రెక్కలను ఇటు నెడతాయి. తాడు విప్పేస్తే ఏరేటర్ ఆక్సిజన్ పని మానేసి పడవ పని మొదలుపెడుతుంది. తాడు ఎంత బిగుతుగా ఉందో గట్టు మీంచి చూస్తేనే ప్రతిచర్య బలం, అంటే ఈ ఎదురు నెట్టుడు, తెలుస్తుంది. దగ్గర్లో కరెంటు ఉంటుంది కాబట్టి మోటారు తిరుగుతుండగా తాడును ముట్టుకోవడం మాత్రం వద్దు. మోటారు ఆపాక తాడు వదులైపోవడం చూసినా విషయం అర్థమవుతుంది.

మూడో నియమం దగ్గర ఏ క్లాసులోనైనా ఒక తెలివైన పిల్లో పిల్లాడో తప్పకుండా అడిగే ప్రశ్న ఉంది. గిత్తలు బండను 7,350 న్యూటన్లతో ముందుకు లాగితే, బండ గిత్తలను అదే 7,350తో వెనక్కి లాగుతుంది. రెండూ సమానం, ఎదురెదురు. కొట్టుకుపోవాలి కదా, మరి బండ ఎలా కదిలింది? "చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి" అని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. అది సరైన జవాబే, కానీ ఒక్క వాక్యం చాలదు. ముందు బండను ఒక్కదాన్నే చూడాలి. దాని మీద అడ్డంగా రెండు బలాలు: గిత్తలు ముందుకు, నేల వెనక్కి. ఏది గెలుస్తుందన్న దాన్ని బట్టి బండ నడక. ఇప్పుడు బండను మర్చిపోయి గిత్తలను ఒక్కటే చూడాలి. వాటిని బండ వెనక్కి లాగుతోంది. ముందుకు నెట్టేది ఎవరు? తోలేవాడు కాదు. గిత్తల కండ కూడా కాదు, ఎందుకంటే కండ గిత్తలో భాగమే, తనను తాను ఎవరూ లోపలి నుంచి నెట్టుకోలేరు. మంచం మీద కూర్చుని ఆ మంచాన్నే ఎత్తలేనట్టు. మిగిలింది నేల ఒక్కటే. గిట్టలు నేలను వెనక్కి తంతాయి, నేల గిట్టలను ముందుకు నెడుతుంది.

జత మొత్తం బరువు 1100 కిలోలు అనుకుందాం, అంటే 10,780 న్యూటన్లు. బండ ఒకటిన్నర టన్ను, జత టన్ను చిల్లర. తమ కన్నా బరువైన దాన్ని అవి లాగగలగడానికి కారణం గిట్టలు మట్టిలోకి గుచ్చుకోవడం. ఇంకో చిన్న లాభం కూడా ఉంది. గొలుసు బండ నుంచి కాడి దాకా ఏటవాలుగా పైకి వెళ్తుంది కాబట్టి బండను కొంచెం పైకి తేలుస్తుంది, అదే గొలుసు కాడిని కిందికి లాగి గిత్తలను నేలకేసి నొక్కుతుంది. బండ కింద పట్టు తగ్గుతుంది, గిట్టల కింద పట్టు పెరుగుతుంది. కాడి, గొలుసు కట్టడం ఎవరు కనిపెట్టారో గానీ లెక్క తెలిసినట్టే కట్టారు.

ఇదే జతను, ఇదే బండను వాన పడి తడిసిన సిమెంటు రోడ్డు మీదికి తీసుకురండి. గిట్ట గుచ్చుకోవడానికి మట్టి లేదు. పట్టు బరువులో పదింట మూడు వంతులకు పడిపోయిందనుకుంటే రోడ్డు గిత్తలను ముందుకు నెట్టగలిగేది 3,200 న్యూటన్లకు అటూఇటు. బండ కింద పట్టు కూడా అంతకే పడిపోయిందనుకున్నా, అది కదలాలంటే కావలసింది 4,400 న్యూటన్ల పైనే. తిన్న ఉలవలు అవే, కండ అదే, కాళ్లు మాత్రం జారుతూ ఉంటాయి, బండ ఉన్నచోటే ఉంటుంది. మైకు పట్టుకున్నాయన అప్పుడూ "జతకు బలం చాలడం లేదు" అనే అంటాడు.